దుమ్ము లేవని రెండు ఫర్లాంగులు

నా కూతురికి ఏడాదిన్నర వయసులో దగ్గు పట్టుకుంది. పగలంతా బాగానే ఆడుకునేది, సాయంత్రం లారీలు వచ్చే వేళకు మొదలయ్యేది. నేనూ మా అమ్మా దాన్ని కారమడై డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, ఇల్లు ఎక్కడని అడిగాడు. మిల్లు రోడ్డు పక్కనే అన్నాను. రాస్తున్నవాడు కలం ఆపి, మందు నేనిస్తాను గానీ ఆ దుమ్మును ఎవరాపుతారు అని తమిళంలో అన్నాడు. అది విసుగుతో అన్న మాట, జవాబు అడిగినట్టు కాదు. మా అమ్మ మాత్రం తననే అడిగాడనుకుంది. తిరుగు బస్సులో పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ చాలా దూరం వచ్చాక అంది.

"నేనాపుతా."

నాకు నవ్వు రాలేదు. మా అమ్మ ఊరికే మాట జారే మనిషి కాదు.

మా ఊరి రోడ్డు పెద్ద రోడ్డు దగ్గర మొదలై మిల్లు గేటు దాకా పోతుంది. మధ్యలో మా వీధి. ఇరవై ఏడు ఇళ్లు, అన్నీ తెలుగు మాట్లాడే కూలి ఇళ్లే. ఎన్ని తరాల కిందట ఈ కోయంబత్తూరు పక్కకు వచ్చామో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో సగం సగం, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను మా తాత చర్చికి పట్టుకుపోయే పాటల పుస్తకంలో కూడబలుక్కుని నేర్చుకున్నాను. నాకు నూలు మిల్లులో, దారాన్ని కండెలకు చుట్టే కోన్ వైండింగ్ సెక్షన్‌లో పని. నా భర్తది అదే మిల్లులో వేరే షిఫ్టు.

ఎండాకాలంలో ఆ రోడ్డు మీద నడిస్తే పాదం చీలమండ దాకా దిగేది. పిండిలాంటి మట్టి. పత్తి బేళ్లు వేసుకుని లారీ పోయిందంటే ఎదురింటి గడప కనిపించడానికి కాసేపు పట్టేది. అన్నం వండేటప్పుడు తలుపు మూసుకోవాలి. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేసుకోవాలి. నీళ్ల బిందెకు తడిగుడ్డ కడితే సాయంత్రానికి ఆ గుడ్డ మీద బురద. లారీ చప్పుడు వినగానే పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

మా అమ్మకు రోడ్డు పని తెలుసు. పెళ్లైన ఏడాదినుంచి రోడ్డు గ్యాంగులో దిమ్మిస కొట్టింది. దిమ్మిస అంటే అడుగున ఇనుప పళ్లెం ఉన్న బరువైన కర్ర. రెండు చేతులా ఎత్తి నేల మీద దించితే రాయి రాయికి అతుక్కుంటుంది. పదిమంది ఆడవాళ్లు వరసగా నిలబడి ఒకే ఊపున దించేవాళ్లట. తరువాత ఆవిరి రోలరు వచ్చింది. దిమ్మిస ఆడవాళ్లను ఇక రావద్దన్నారు. రోలరు పెద్ద రోడ్డు మీదే తిరిగింది, మా రోడ్డుకు ఎన్నడూ రాలేదు. మాకు మాత్రం ఏటా ఎండాకాలానికి ముందు ఎవరో ఒకరు చెరువు మట్టి తెచ్చి గుంతల్లో పోసి పోయేవాళ్లు. ఆ మట్టే ఎండి దుమ్మయ్యేది.

"రోడ్డుకు దుమ్ము పుట్టదు. మనమే తెచ్చి పోస్తా ఉండాం," అంది ఆ రాత్రి అన్నాలు తింటూ. తన అత్తగారి కాలంలో ఇదే రోడ్డు సుక్కాన్ రాయితో వేసి ఉండేదనీ, వానాకాలంలో బురద లేదనీ, ఎండాకాలంలో దుమ్ము లేదనీ చెప్పింది. దాని మీద ఏళ్ల తరబడి చెరువు మట్టి పోసి పోసి పాతిపెట్టారట.

సుక్కాన్ రాయి మా పక్క పొలాల్లో దొరికే సున్నపు గడ్డ. నాగలికి అడ్డం పడుతుంది. రైతులు ఏరి గట్టు మీద కుప్ప పోస్తారు, ఎవరికీ పనికిరాదు. మరునాడు ఆదివారం, చర్చినుంచి వస్తూ మా అమ్మ ఒక గట్టు దగ్గర ఆగి రెండు గడ్డలు ఏరింది. ఉమ్మి తడి చేసి ఒకదానితో ఒకటి రుద్దింది. తెల్లటి పాలు వచ్చి అరచేతికి అంటుకున్నాయి. ఆ చేయి నా ముందు చాపి చూపించింది. ఇంటికి చేరేసరికి అది గట్టిగా ఎండిపోయి, గోటితో గీకితే గానీ రాలేదు.

ఆ గట్టు పంచాయతీ ప్రెసిడెంటుగారిది. ఆయనదీ తెలుగు ఇల్లే, పెద్ద భూములున్న ఇల్లు. రోడ్డు పక్కన ఆయన కరివేపాకు తోట ఉండేది. మేట్టుపాళయం వ్యాపారి వచ్చి రోడ్డు వైపు వరసలను చేత్తో తడిమి చూసి, ఈ ఆకు నాకొద్దని లోపలి వరసలే కోయించుకుపోయేవాడు. ఆకుల మీద బూడిద పూసినట్టు ఉండేది మరి. కాబట్టి దుమ్ము ఆయన తోటనూ వదల్లేదు. మా అమ్మ ఆ సంగతి తెలిసే పోయింది. నన్నూ తోడు రమ్మంది.

ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. మా అమ్మ మెట్ల కిందే నిలబడి, గట్టు మీది రాళ్లు కావాలనీ, రెండు బండ్లు కావాలనీ, మా వీధికి ముందున్న కాలవనుంచి ఆయన తోట గేటు దాకా రెండు ఫర్లాంగులు తాము రోడ్డు వేస్తామనీ చెప్పింది.

"తారు వస్తాదని ఓవర్సీరు చెప్పినాడు కదమ్మా," అన్నాడు.

"ఎప్పుడని చెప్పినాడయ్యా?"

ఆయన లోపలికి చూసి మజ్జిగ తెమ్మన్నాడు, మా ఇద్దరికీ.

"రాయి తీస్కో. బండ్లు తీస్కో. నా తోట గోడ మాత్రం కూల్చొద్దు."

"గోడ జోలికి రాము. ఆకు మీద దుమ్ము జోలికే వస్తాం," అంది మా అమ్మ.

పదకొండు మంది ఆడవాళ్లు చేరారు. ముగ్గురు మా అమ్మతో గ్యాంగులో పనిచేసినవాళ్లు. మిగతావాళ్లం షిఫ్టు ముగించుకుని, తోట పని ముగించుకుని వచ్చేవాళ్లం. పాత దిమ్మిసలు ఎవరింటి అటక మీదనో దొరికాయి, పిడులు చెదలు తిన్నవి. కొత్త పిడులు వేయించాం.

ముందు మెత్తటి మట్టినంతా పారలతో తీసి రోడ్డు పక్కలకు లాగాం. జానెడు లోతున పాత సుక్కాన్ పడక బయటపడింది, తెల్లగా, రాతి నేలలాగా. మా అమ్మ దాన్ని పాదంతో తట్టి, మా అత్త వేసింది అంది. పారను ఆ పడక మీద ఎవరినీ బలంగా వేయనివ్వలేదు.

ఆ పడక మీద పెద్ద గడ్డలు అడుగున, నిమ్మకాయంతవి పైన. వాటి మీద పలచగా ఎర్రమట్టి. నడుమ ఎత్తు, రెండు పక్కలా వాలు, తాబేలు వీపులాగా. వాన పడితే నీళ్లు నిలవకుండా పక్క కాలవలోకి జారాలి. తరువాత నీళ్లు చల్లుతూ దిమ్మిస. తెల్లపాలు పైకి వచ్చేదాకా కొట్టాలి. పాలు పైకి వచ్చాక వారం పైగా తడి ఆరనివ్వకూడదు, చక్రం తగలనివ్వకూడదు. అదీ మా అమ్మ చెప్పిన పద్ధతి.

మొదటి ముక్క చెడిపోయింది. పది బారల పొడవు వేశాం. మా ఊరి బావి రోజు మార్చి రోజు నీళ్లిచ్చే కాలం. ఇంటికి రెండు బిందెలు తెచ్చి పోశాం, ఆ ఎండకు అవి చాలలేదు. నాలుగో రోజుకు పైపొర పగిలి పిండి అయింది. టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లు చూసి నవ్వారు. సైకిలు మీద పోయే ఒకాయన చక్రం దాని మీద కావాలనే రెండుసార్లు తిప్పాడు. మా పదకొండు మందిలో నలుగురు పనికి రావడం మానేశారు. మా అమ్మ ఆ పిండిని పిడికిట తీసుకుని, రాయి తప్పు లేదు, దాహంతో చచ్చింది అంది.

ఆ రాత్రంతా నేను ఆలోచించింది నీళ్ల గురించే. మరునాడు షిఫ్టులో ఉండగా జవాబు నా తల మీదే తేమగాలిగా తిరుగుతూ కనిపించింది. మిల్లులో నూలు తెగకుండా గాలిని తేమగా ఉంచాలి. దానికి వెనకవైపు ఒక పెద్ద గదిలో పంపులతో నీళ్లు చిమ్ముతారు. అక్కడ వాడి వదిలేసిన నీళ్లు గోడ కిందినుంచి బయటి గుంతలోకి పోయి, ముళ్లపొదలకు తప్ప ఎవరికీ అక్కరకు రాకుండా ఇంకిపోయేవి. రోజూ ఆ గుంత దాటే నేను పనికి పోయేదాన్ని.

మా సెక్షన్ మాస్టరును అడిగితే, మేనేజరును అడుగు అన్నాడు. వైండింగ్ సెక్షన్ ఆడమనిషి మేనేజరు గదికి పోవడం అదివరకు జరగలేదు. తలనిండా దూది పోగులతో అలాగే పోయాను. నాకు వచ్చిన మంచి తమిళమంతా కూడగట్టుకుని నీళ్ల సంగతి చెప్పాను. మిల్లుకు దీనితో ఏం లాభమని ఆయన అడిగాడు. నేను ఇంటినుంచి అనుకుని వచ్చిన మాటలన్నీ మరిచిపోయాను. కళ్లెదుట ఉన్నది మాత్రం చెప్పాను. మిల్లుకు వచ్చే లారీలు మా రోడ్డు మీద దుమ్ము లేపుతాయి, ఆ దుమ్ము బేళ్లలోకి ఎక్కుతుంది, బేళ్లు విప్పే దగ్గర ఆడవాళ్లు తుమ్ముతూ దాన్నే దులుపుతారు. మా ఇళ్లలో పడేది సగం, మిగతా సగం మీరు మిల్లులోకి తెచ్చుకుంటున్నారు అన్నాను. ఆయన నా వైపు కాదు, కిటికీ వైపు చూశాడు. కిటికీ అద్దం మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు చూసుకున్నాడు.

సాయంత్రానికి గోడ కిందినుంచి ఒక గొట్టం వేయించి, బయట తొట్టి కట్టించమని మేనేజరు చెప్పాడు. ప్రెసిడెంటుగారు తోటకు నీళ్లు తోలే పీపాయి బండిని పంపించారు. మానేసిన నలుగురూ ఆ పీపాయి బండి వీధిలోకి రావడం చూసి, ఎవరూ పిలవకుండానే దిమ్మిసలు పట్టుకుని వచ్చారు. మా అమ్మ వరసలో జరిగి చోటిచ్చింది.

రెండోసారి పని వేరేలా నడిచింది. నీళ్లు పోస్తే రాయి తాగేది, ఇంకా పోస్తే ఇంకా తాగేది. పదకొండు దిమ్మిసలు ఒకేసారి దిగితే కాళ్ల కింద నేల అదిరేది. మూడో రోజు మధ్యాహ్నం మొదటి ముక్కలో పాలు పైకి వచ్చాయి. సున్నం కొట్టిన గోడలాగా రోడ్డు తెల్లగా మెరిసింది. అందరం ఆగి చూశాం. మా అమ్మ మాత్రం నిలబడితే తడి ఆరిపోతుందని కసిరి, మళ్లీ కొట్టించింది.

రెండు ఫర్లాంగులూ అయ్యేసరికి దాదాపు నెల పట్టింది. సగం పొడవు ముందు, మిగతా సగం తరువాత వేశాం. వేసిన చోట లారీలు పోకుండా ముళ్లకంపలు అడ్డం పెట్టి, చెరువు కట్ట మీదినుంచి తిరిగి పొమ్మన్నాం. చాలామంది తిట్టుకుంటూ తిరిగి పోయారు. ఒక లారీ మాత్రం ముళ్లకంప దగ్గరికి వచ్చి ఆగి, ఎడతెగకుండా హారను కొట్టింది. తేని వైపునుంచి పత్తి తెచ్చిన బండి. అప్పటికే పొద్దు వాలుతోంది, గేటు మూసేలోగా దించాలని డ్రైవరు తొందర. దిగి వచ్చి కంప లాగెయ్యబోయాడు. మా అమ్మ దిమ్మిసను నేల మీద నిలిపి, దాని మీద రెండు చేతులూ ఆనించి, తడి రోడ్డుకు ముందు నిలబడింది. అతను తమిళంలో గట్టిగానే మాట్లాడాడు. ఆమె వెనక్కి తిరిగి, నీళ్లు ఆపొద్దు, పోస్తా ఉండండి అని మాతో తెలుగులో చెప్పింది.

అతని గొంతు అక్కడే ఆగింది.

"మీరు తెలుగోళ్లా?" అన్నాడు. అతని తెలుగు మా తెలుగు కాదు, కొంచెం వేరే రాగం. మదురై పక్క ఊళ్లలో మాట్లాడే మాట.

"ఆమా బిడ్డా. నువ్వు ఏ ఊరు?"

పేరు చెప్పాడు. మాకు తెలియని ఊరు. తన తల్లి కూడా రోడ్డు పనే చేసేదని చెప్పాడు. మా అమ్మ తలూపింది.

"అట్లయితే నీకు తెల్సు. ఎనిమిది దినాలు చుట్టు తిరిగి పో. దాని తర్వాత అద్దం దించుకోని తోలొచ్చు."

అతను కాసేపు ఆ తడి తెల్లదనాన్ని చూశాడు. తరువాత బండెక్కి, ఆ ఇరుకు రోడ్డు మీద తిప్పే చోటు లేక, పెద్ద రోడ్డు దాకా వెనక్కే నడుపుకుంటూ పోయాడు. ఆ తరువాత వచ్చిన తేని బండ్లలో ఒక్కటి కూడా కంప దగ్గర హారను కొట్టలేదు.

తమిళుల ఆడి నెల వచ్చింది. మా కోయంబత్తూరు పక్కకు పాలక్కాడు కనుమలోంచి గాలి వచ్చే నెల. చెట్లు ఒక వైపుకు వంగిపోతాయి. ఆ నెలలో మా వీధిలో తలుపు తెరిచినవాళ్లు ఎప్పుడూ లేరు. కంపలు తీసేసిన మూడో రోజో నాలుగో రోజో, షిఫ్టు ముగిసి ఆడవాళ్లం గుంపుగా నడిచి వస్తున్నాం. ఎదురుగా కంపెనీ బస్సు, దాని వెనక రెండు లారీలు. చప్పుడు వినగానే అందరం రోడ్డు పక్కకు జరిగి, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టి, కళ్లు మూసుకున్నాం. బస్సు పోయింది. లారీలు పోయాయి. మేము అలాగే నిలబడ్డాం. గాలి మొహానికి కొడుతోంది, అందులో ఏమీ లేదు. నేను కళ్లు తెరిచేసరికి పదిహేను మంది ఆడవాళ్లు కొంగులు పట్టుకుని, ఏ అవసరమూ లేకుండా నిలబడి ఉన్నారు. నా పక్కామె మెల్లగా కొంగు దించి, నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. అది అందరికీ అంటుకుంది. నడిరోడ్డు మీద కడుపు పట్టుకుని నవ్వాం. దూరంగా పోతున్న లారీ వెనక చక్రాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మిల్లు లారీ వెనక చక్రాలను ఆ రోడ్డు మీద అంతకుముందు నేను చూడలేదు.

ఆ వారం మా వీధిలో బట్టలు బయట ఆరాయి. ఇరవై ఏడు ఇళ్ల చీరలు, పంచెలు, పిల్లల గౌన్లు ఆడిగాలికి జెండాల్లాగా ఎగిరాయి. నా కూతురికి దగ్గు ఒక్కసారిగా పోలేదు గానీ, ఆ నెలాఖరుకు రాత్రంతా నిద్ర పట్టింది. కరివేపాకు వ్యాపారి రోడ్డు వైపు వరసలు కూడా కోయించుకుపోయాడని ప్రెసిడెంటుగారు మనిషిచేత చెప్పి పంపించారు. ఆ మనిషి చేతిలో ఒక కట్ట ఆకు కూడా ఉంది.

పంచాయతీ యూనియన్ ఆఫీసు ఓవర్సీరు ఒకరోజు జీపులో వచ్చాడు. ప్రభుత్వపు రోడ్డును అనుమతి లేకుండా తవ్వారని ఎవరో ఫిర్యాదు చేశారట. వచ్చేటప్పుడు కోపంగానే ఉన్నాడు. కాలవ దాటి మా రోడ్డు మీదికి ఎక్కగానే జీపు కుదుపులు ఆగిపోయాయి. తోట గేటు దాకా పోయి, తిరిగి వచ్చి, దిగాడు. చెప్పు మడమతో రోడ్డును గట్టిగా గీకాడు. గీత పడలేదు. ఎవరు వేశారని అడిగాడు. అందరం మా అమ్మ వైపు చూశాం. ఆమె గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది.

ఎంత మందమని అడిగాడు. అడుగులూ అంగుళాలూ ఆమెకు రావు. లేచి వచ్చి, చేయి నేల మీద పెట్టి, బొటనవేలినుంచి చిటికెన వేలి దాకా చూపించింది. నడుమ ఎంత ఎత్తని అడిగితే నాలుగు వేళ్లు చూపించింది. ఎంతసేపు కొట్టారని అడిగితే, పాలు వచ్చేదాకా అంది. ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఆమె చేతిని తన స్కేలుతో కొలిచి, రాసుకున్నాడు. రాసుకుంటూ, గ్యాంగులో పనిచేశావా అని తమిళంలో అడిగాడు.

"చేసినాను. రోలరు వచ్చినాక వొద్దన్నారు," అంది మా అమ్మ తెలుగులోనే. నేను తమిళంలో చెప్పబోయాను. అక్కరలేదు, అర్థమైందని ఆయన చేయెత్తాడు.

తరువాత నెలలో ఆఫీసునుంచి మనిషి వచ్చాడు. ఇంకో మూడు ఊళ్లలో ఇలాంటి రోడ్లే ఉన్నాయి, తారు ఇప్పట్లో రాదు, సుక్కాన్ రాయి మాత్రం అక్కడా గట్ల మీద పడి ఉంది. మా అమ్మ వచ్చి చూపించాలట, మేస్త్రీగా. ఆ మాట విన్నాక ఆమె ఒక్కటే షరతు పెట్టింది. దిమ్మిస కొట్టే ఆడవాళ్లు ఆ ఊరివాళ్లే ఉండాలి, తను నేర్పుతుంది. తమ రోడ్డును తామే కొట్టినవాళ్లు దాని మీద మళ్లీ చెరువు మట్టి పోయనివ్వరని ఆమె లెక్క.

మేస్త్రీకి కర్ర ఉంటుంది, తలపాగా ఉంటుంది, మీసం ఉంటుంది. మా పక్క అంతవరకు అలాంటి మేస్త్రీలే. మా అమ్మ నీలం చీర గోచీ పోసి కట్టుకుని, జీపులో ముందు సీటులో కూర్చుని పోయింది. వీధంతా వాకిళ్లలోకి వచ్చి చూశాం.

నేను సగంరోజు సెలవు పెట్టి రెండో ఊరికి పోయి చూశాను. పాతికమంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. మగవాళ్లు గట్టునుంచి గంపలతో రాయి మోస్తున్నారు, ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటు పోస్తున్నారు. ఆ ఊరి పెద్ద గొడుగు వేసుకుని వచ్చి నిలబడితే, నీడ పడిన చోట తడి తెలియడం లేదు, కొంచెం జరగండని చెప్పింది. ఆయన జరిగాడు. నన్ను చూసి మా అమ్మ ఎప్పుడొచ్చావు, తిన్నావా అని కూడా అడగలేదు. వరస చివర ఒకామె బిడ్డకు పాలివ్వడానికి పోయిందట. ఆ దిమ్మిస నా చేతికిచ్చి, ఆ ఖాళీలో నిలబడమంది. సాయంత్రం దాకా కొట్టాను. పొద్దు వాలే వేళకు మా కాళ్ల ముందు రోడ్డు తెల్లగా పాలు కక్కింది. ఆ ఊరి ఆడవాళ్లు పని ఆపి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు.